హైదరాబాద్‌లో కుక్కతో నడక: గుట్టలు, చెరువు కట్టలు, అడవి దారులు

హైదరాబాద్‌లో పెంపుడు కుక్కలకు తిండికి లోటు లేదు, తిరుగుడుకే లోటు. పొద్దున పది నిమిషాలు అపార్ట్‌మెంట్ గేటు దాకా, రాత్రి ఇంకో పది నిమిషాలు అదే గేటు దాకా. మిగతా రోజంతా టైల్స్ మీద పడుకోవడమే. చెప్పులు కొరకడం, కాలింగ్ బెల్ మోగితే చాలు ఆపకుండా మొరగడం, ఒళ్లు పెరిగిపోవడం వంటివాటిలో చాలావరకు ఈ నడక కరువు నుంచి పుట్టినవే. దీనికి మందు ఊరి చుట్టూనే ఉంది. ఇళ్ల పక్కనే బండరాళ్ల గుట్టలు, కాస్త దూరం పోతే చెరువు కట్టలు, ఇంకాస్త పోతే అడవి.

చాలామంది "ఎక్కడికి వెళ్లాలి?" అన్నదగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అది చివరి ప్రశ్న. ముందు కుక్క ఒళ్లు, తర్వాత వేళ, ఆ తర్వాత కాలి కింది నేల. ఈ మూడూ చూసుకున్నాక చోటు దానంతటదే తేలుతుంది. ఆ వరసలోనే చెబుతాను.

1. ముందు కుక్కను చూడండి

టీకాలు పూర్తికాని పిల్లను వీధి నేల మీద దింపొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలుగా 16 వారాల వయసులో పడే ఆఖరి డోసు అయ్యి, ఇంకో రెండు వారాలు గడిచాకే బయటి నడక. రేబిస్ టీకా ఏటా వేయించాలి. చెరువుల దగ్గర, వాన నీటి గుంటల దగ్గర తిప్పే ఆలోచన ఉంటే టీకా కార్డు తీసి లెప్టోస్పైరోసిస్ కూడా అందులో ఉందేమో చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే ఆ జబ్బు కుక్కనుంచి మనకూ అంటుకోగలదు.

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల ఎముకలు ముదరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందాకా చదునైన మట్టి దారులే మేలు. బండల మీంచి దూకించకండి. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఒగర్చి ఒళ్లు చల్లబరచుకోవడంలో బాగా వెనకబడతాయి. వాటిని గుట్టలకు తీసుకెళ్లాలంటే డిసెంబరు, జనవరి నెలల పొద్దుటి పూటలే సరైనవి, అదీ కొద్ది దూరమే. హస్కీలదీ అదే పరిస్థితి, వాటి బొచ్చు ఈ ఊరి ఎండ కోసం పుట్టింది కాదు.

మా ఇంట్లో ఉన్నది దేశీ కుక్క. పల్చటి బొచ్చు, గట్టి అరికాళ్లు, ఎక్కడ కాలు వేయాలో తెలిసిన తెలివి. గుట్ట ఎక్కడంలో ఖరీదైన జాతులు దీని ముందు నిలవడం నేను చూడలేదు. ఇంకా కుక్కను తెచ్చుకోనివాళ్లు, నడకలంటే ఇష్టమున్నవాళ్లు దేశీ పిల్లను దత్తత తీసుకోవడం గురించి తప్పకుండా ఆలోచించండి.

ఇన్నాళ్లూ గేటు దాకానే నడిచిన కుక్కయితే మొదటి వారమే గుట్ట వద్దు. ముందు కాలనీలో అరగంట, రెండు వారాలకు ముప్పావు గంట, అలా పెంచుకుంటూ పోండి. మధ్యలో కూర్చుండిపోతోందంటే మొండితనమని లాగకండి. అలసటో, కాలి నొప్పో ఉంటుంది.

2. తాడు, రెండు మాటలు

మెడ పట్టా కన్నా ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ మంచిది. వీపు మీద పిడి ఉన్నదైతే బండ ఎక్కలేకపోయినప్పుడు అందుకుని పైకి లేపొచ్చు. చేత్తో పట్టుకునే తాడు, అంటే లీష్, ఐదారు అడుగులు ఉంటే చాలు. రీలులా సాగే లీష్‌లు గుట్టలకు పనికిరావు. సీతాఫలం పొదల్లో చిక్కుకుంటాయి, వీధికుక్కలు ఎదురైనప్పుడు మన కుక్కను దగ్గరికి లాక్కోవడానికి వీలుకాదు.

నేర్పాల్సిన మాటలు రెండు: "రా", "వదిలెయ్". ఈ ఊళ్లో రెండోదే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది. గుట్టల మీద, చెరువు కట్టల మీద జనం తిని పారేసిన బిర్యానీ ఎముకలు అడుగడుగునా ఉంటాయి. ఉడికిన కోడి ఎముక నోట్లో సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటుంది. ఇంట్లోనే ఇలా నేర్పండి. ఒక చేతిలో ఉడికిన చికెన్ ముక్క పెట్టి పిడికిలి మూయండి. కుక్క వాసన చూస్తుంది, నాకుతుంది, పంజాతో గీకుతుంది. మీరు కదలకండి. విసుగొచ్చి అది ముక్కు వెనక్కి తీసిన క్షణంలో "వదిలెయ్" అని, రెండో చేత్తో వేరే ముక్క ఇవ్వండి. పిడికిలిలోది మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు. అది కుదిరాక అరచేయి తెరిచి, తర్వాత ముక్కను నేల మీద పెట్టి, ఆ తర్వాత నడుస్తూ చేయించండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు.

3. వేళ

కుక్క చెప్పులు లేకుండా నడుస్తుంది. గాలిలో 25 డిగ్రీలే ఉన్నా, నేరుగా ఎండ పడే తారు రోడ్డు 50 డిగ్రీలు దాటగలదు. అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు.

బండల విషయంలో ఇంకో సంగతి ఉంది. గుట్ట మీది రాయి పగలంతా వేడి తాగి, పొద్దుగూకాక కూడా చాలాసేపు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. అందుకే ఎండాకాలంలో "సాయంత్రం చల్లబడ్డాక వెళ్దాం" అనుకోవడం గుట్టలకు కుదరదు. గాలి చల్లబడుతుంది గానీ బండ చల్లబడదు. రాత్రంతా ఆరిన తెల్లవారుజామే దానికి తగిన వేళ. మే నెలలో ఇక్కడ ఆరులోపే తెల్లారుతుంది. ఐదుంబావుకల్లా ఇల్లు వదిలి ఏడుకల్లా తిరిగి రండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తొమ్మిది వరకూ తిరగొచ్చు. కుక్కతో దూర నడకలన్నీ ఆ నాలుగు నెలల్లోనే పెట్టుకోవడం మంచిది.

వానాకాలంలో బండల మీద పాచి పడుతుంది, గడ్డి పెరిగి పాములు కనబడవు. అప్పుడు పొడవు గడ్డి లేని వెడల్పాటి దారులే ఎంచుకోండి. సంక్రాంతి వెళ్లాక కొన్నాళ్లు ఖాళీ జాగాల్లో, గుట్టల మీద తెగిన మాంజా పడి ఉంటుంది. పంజాను లోతుగా కోసేస్తుంది, కళ్లు నేల మీదే ఉంచండి. దీపావళి వారంలో ఎంత మంచి కుక్కయినా లీష్ వదలొద్దు. ఒక్క టపాసుకే తెలియని దిక్కుకు పరుగెత్తి దారి తప్పిపోతాయి.

తిండి వేళ కూడా చూసుకోవాలి. కడుపు నిండా పెట్టి వెంటనే పరుగెత్తిస్తే, ముఖ్యంగా లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. నడకకు రెండు గంటల ముందు, వచ్చాక ఒక గంట దాకా పూర్తి భోజనం వద్దు.

4. సంచిలో ఏముండాలి

ఇరవై కిలోల కుక్కకు రెండు గంటల నడకకు కనీసం లీటరు నీళ్లు, మడిచే గిన్నె. మలం తీయడానికి పాత పేపరు, కవర్లు. సన్నటి పట్టకారు, దూది, గాజుగుడ్డ చుట్ట, అయోడిన్ మందు, ఒక పాత తువ్వాలు. టీకా కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. దారికి దగ్గర్లో తెల్లవారుజామున కూడా తీసి ఉండే పశువైద్యశాల ఏదో ముందే కనుక్కుని నంబరు దాచుకోండి. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి చాలామందికి తెలిసినవే అయినా, ఎమర్జెన్సీలో వేళలు చూసుకుంటూ కూర్చోలేం.

మెట్రోలోకి పెంపుడు జంతువులను రానివ్వరు. ఆటో అయితే ఎక్కే ముందే డ్రైవరుతో మాట్లాడి, సీటు మీద సొంత దుప్పటి పరవండి. ఆ దుప్పటి చూశాక చాలామంది ఒప్పుకుంటారు.

5. ఇప్పుడు చోటు

ముందు వెళ్లకూడనివి చెప్పేస్తాను. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి మూడూ జాతీయ పార్కులు. పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు. శ్రీశైలం దారిలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కూ అంతే. "మావాడు ఎవరినీ ఏమీ అనడు" అనేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో కొన్నింటి ఒంట్లో కనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కల్లో మామూలుగా తిరిగే జబ్బు అది. కుక్క కరవకపోయినా, దాని ఉమ్మి, ముక్కు చీమిడి చాలు. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధుల వంటి రక్షిత కట్టడాలనూ నడక జాబితాలోంచి తీసేయండి. మిగతా పార్కులకు గేటు దగ్గర బోర్డు చదివి, కాపలా అన్నను ఒకమాట అడిగి వెళ్లండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొండాపూర్‌లోని జీహెచ్‌ఎంసీ డాగ్ పార్కు మంచి బడి. 2018లో 1.3 ఎకరాల్లో కుక్కల కోసమే తెరిచారు. టీకాల కాగితాలు వెంట పెట్టుకోండి. వేరే కుక్కల మధ్య మన కుక్క ఎలా మసలుతుందో, పిలిస్తే వస్తుందో లేదో కంచె లోపలే తెలిసిపోతుంది. ఆదివారం సాయంత్రం రద్దీలో బెదురు కుక్కను తీసుకెళ్లకండి. వారం మధ్యలో, జనం పల్చగా ఉన్నప్పుడు వెళ్తే దానికీ మీకూ తేలిక.

గుట్టల్లో నా మొదటి ఎంపిక ఖాజాగూడ. గచ్చిబౌలి, మణికొండల మధ్య, చుట్టూ అద్దాల మేడలు లేస్తున్నా ఈ బండలు ఇంకా నిలిచే ఉన్నాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఇది. దారి చిన్నదే, కుక్క ఆగి వాసనలు చూసుకుంటూ నడిచినా గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఆగనివ్వండి కూడా. రాత్రి ఎవరు ఆ దారిన పోయారో, ఎక్కడ నెమలి దిగిందో, ఏ పొదలో ముంగిస దూరిందో అది ముక్కుతో చదువుకుంటుంది. పది నిమిషాల వాసన దానికి కిలోమీటరు పరుగు కన్నా ఎక్కువ తృప్తినిస్తుంది.

ఖాజాగూడలో జాగ్రత్తపడాల్సింది మొదట గాజు పెంకులు. బండల మధ్య జనం కూర్చునే చోట్ల సీసాలు పగిలి ఉంటాయి. అలాంటి చోట మీరు ముందు నడిచి, కుక్కను వెనక రానివ్వండి. రెండోది బండల సందులు. అందులో మూతి పెట్టనివ్వొద్దు, పాములు, తేళ్లు ఉండేది అక్కడే. దిగేటప్పుడు నిటారు బండ మీంచి దూకబోతే హార్నెస్ పట్టుకుని పక్క దారిన దించండి. ఆ గుట్టల మీద దర్గా ఉంది, గుడి ఉంది. వాటి ముంగిట్లోకి కుక్కను తీసుకెళ్లకుండా దూరం నుంచే తిప్పుకుపోవడం మర్యాద. ఈ గుట్టలను కాపాడుకోవడానికి ఊరివాళ్లు ఏళ్లుగా పోరాడుతున్నారు. మన చెత్త, మన కుక్క మలం అక్కడ మిగలకూడదు.

చెరువు కట్టలు రెండో రకం నడక. చదునుగా, నీడగా ఉంటాయి, ముసలి కుక్కలకూ బరువైనవాటికీ హాయి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు తాగునీటి జలాశయాల చుట్టుపక్కల ఊళ్ల మట్టి దారులు శీతాకాలం పొద్దుటి పూట చాలా బాగుంటాయి. కుక్కను నీళ్లలోకి మాత్రం దింపొద్దు. ఊరి మధ్యలోని చెరువులైతే నీటి అంచుకే పోనివ్వకండి. పచ్చగా తెట్టె కట్టిన నీటిలో కుక్క కాలేయాన్ని గంటల్లో దెబ్బతీసే విషం ఉండే అవకాశం ఉంది. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. వలస పక్షులు దిగే నెలల్లో అక్కడికి కుక్కతో వెళ్లకపోవడమే నాకు సబబనిపిస్తుంది.

కట్టల మీద మేకలు, గేదెలు ఎదురవుతాయి. గండిపేట అవతల ఒక కట్ట మీద మేకలు కాసే పెద్దావిడ దూరం నుంచే కేకేసింది: "జర గట్టిగ పట్టుకో బిడ్డా, సూడి మేకలున్నయ్, బెదురుతయ్." "పట్టుకున్నా అవ్వా, మీరు పోయినంక పోతం," అని పక్కకు దిగి, మంద మొత్తం దాటేదాకా కుక్కను కూర్చోబెట్టాం. చూలుతో ఉన్న మేక బెదిరి పరుగెత్తితే ఈచుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. ఆ నష్టం ఆమెది. దారి ఆమె బతుకుతెరువు, మనకు అది షికారు. ఎవరు పక్కకు తప్పుకోవాలో అక్కడ ఆలోచించాల్సిన పనే లేదు.

దూరం వెళ్లాలనుకుంటే వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలు, దాదాపు 80 కిలోమీటర్లు. చేవెళ్ల దారిలో పాత మర్రిచెట్ల నీడన పోతారు. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. అడవి దారిలో ఎర్రమట్టి మెత్తగా ఉంటుంది, పాదాలకు బండకన్నా ఎంతో సుఖం. వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. ఏ దారిలో వెళ్లొచ్చో అటవీ సిబ్బందిని అడిగే వెళ్లండి. అనంతపద్మనాభస్వామి గుడి పరిసరాల్లో కోతుల గుంపులుంటాయి. కుక్క మొరిగితే అవి గుంపుగా మీదికొస్తాయి, అందుకని గుడి వైపు కాకుండా దూరంగా బండి ఆపుకోవాలి. చేతిలో తిండి పొట్లం కనబడనివ్వొద్దు. అడవిలో లీష్ ఒక్క నిమిషం కూడా వదలకండి. కుందేలు లేచిందంటే ఎంత నేర్పిన కుక్కయినా మీ మాట వినదు.

6. దారిలో ఎదురయ్యేవాళ్లు

వీధికుక్కలు తమ హద్దు కాపాడుకుంటాయి. మనం ఆ హద్దులోకి కొత్త కుక్కను తెస్తున్నాం. గుంపు దూరాన కనిపించగానే దారి మార్చండి, అది అన్నిటికన్నా మంచి ఉపాయం. దగ్గరికి వచ్చేస్తే పరుగెత్తొద్దు, అరవొద్దు. మీరు మధ్యలో నిలబడి, మన కుక్కను కాళ్ల వెనక్కి తీసుకుని, వాటికేసి తిరిగే మెల్లగా వెనక్కి నడవండి. గుప్పెడు బిస్కెట్లు దూరంగా విసిరితే చాలాసార్లు అక్కడే ఆగిపోతాయి. చేతికర్ర ఉంటే నేలకు తాటించండి, కొట్టకండి. చిన్న కుక్కను భుజం మీదికి ఎత్తుకుంటే వీధికుక్కలు మీ మీదికి ఎగరొచ్చు, గోడో, ఆగిన బండో అడ్డం పెట్టుకోవడం నయం. రోజూ వెళ్లే దారయితే అక్కడి కుక్కలతో నెమ్మదిగా పరిచయం పెంచుకోండి. కొన్ని వారాలకు అవే తోక ఊపి పక్కకు తప్పుకుంటాయి.

మనుషుల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో ఒక చిన్నారి వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన తర్వాత ఈ ఊరి తల్లిదండ్రుల్లో ఆ భయం ఇంకా లోతుగా దిగింది. ఎదురుగా పిల్లలు వస్తుంటే లీష్ కురచ చేసి, ఆగి, వాళ్లను ముందు పోనివ్వండి. "ఏమీ చేయదండీ" అనే మాటతో ఎవరి భయమూ పోదు, మీరు నాలుగడుగులు పక్కకు జరిగితే పోతుంది.

7. ప్రమాదం గుర్తుపట్టడం

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. వడదెబ్బ మొదలైతే నాలుక పొడవుగా, వెడల్పుగా వేలాడుతుంది, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరుగుతాయి, జిగట చొంగ కారుతుంది, అడుగులు తూలుతాయి. ఆసుపత్రికి పరుగెత్తే ముందే చల్లబరచాలి. నీడలోకి తెచ్చి ఉన్న నీళ్లన్నీ పొట్ట, గజ్జలు, మెడ, వీపు మీద పోసి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. బలవంతంగా నోట్లో నీళ్లు పోయొద్దు. లేచి నడిచినా సరే డాక్టరుకు చూపించాల్సిందే, మూత్రపిండాల దెబ్బ మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు.

పాము కాటయితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని బండి దాకా తీసుకెళ్లండి. దారిలోనే ఫోన్ చేసి విరుగుడు ఇంజెక్షన్ ఉందా అని అడగండి, ఉన్నచోటికే నేరుగా పోవాలి.

8. ఇంటికి వచ్చాక

గుమ్మం దగ్గరే పని ఉంది. పంజాలు ఒక్కొక్కటీ ఎత్తి, వేళ్ల సందులు విడదీసి చూడండి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, ఉత్తరేణి గింజలు అక్కడే దాక్కుంటాయి. తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి.

తర్వాత గోమార్లు, అంటే చర్మానికి అతుక్కుని రక్తం తాగే టిక్స్. చెవుల లోపలి మడతలు, మెడ పట్టా కింద, చంకలు, తోక మొదలు, వేళ్ల సందులు చేత్తో తడమండి. గింజలా తగిలితే బొచ్చు విడదీసి చూడండి. పట్టకారుతో చర్మానికి ఆనించి, పొట్ట నొక్కకుండా, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ రాయడం వద్దు. తీసినదాన్ని స్పిరిట్‌లో వేసి, ఆ చోట అయోడిన్ అద్దండి. డాక్టరు చెప్పిన గోమార్ల మందు నెల తప్పకుండా వాడుతున్నా ఈ తడుముడు మానకండి.

నడకకు వెళ్లొచ్చిన రెండు, మూడు వారాల్లో కుక్క తిండి మానేసినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, పొట్ట మీద ఎర్రటి, నల్లటి చుక్కలు కనిపించినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా, బబీసియా జ్వరాలు మన ప్రాంతంలో మామూలే. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూసి తొందరగా మందు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. డాక్టరుతో మొదటి మాటగా "ఫలానా రోజు గుట్టకు తీసుకెళ్లాం" అని చెప్పండి, ఏ పరీక్ష చేయాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.